మరొకరు చూస్తున్నారు

ఫిబ్రవరి 3, సోమవారం

ఇందుమూలముగా సమస్త జనులకూ తెలియజేయునదేమనగా, ఈ దినము మొదలుకొని రెండవ కౌంటరు పైనున్న ఫ్యాను రెగ్యులేటరు మీద సర్వహక్కులూ నావే. దానిని నా అనుమతి లేక తిప్పినవారు, తిప్పుటకు ప్రయత్నించినవారు, తిప్పవలెనని మనసున తలచినవారు శిక్షార్హులు. శిక్ష ఏమిటో తీరిక చూసుకుని ఆలోచించబడును.

ఈ డైరీ చదివేది నేనొక్కణ్ణే కాబట్టి సమస్త జనులు అంటే నేనే. ఆ ఫ్యాను తిప్పేదీ నేనే. అయినా చట్టమంటూ ఒకటి ఉండాలి.

మా ఆవిడ ఆసుపత్రిలో చేరాక ఇంట్లో నా మాటకు ఎదురు మాట లేకుండా పోయింది. ఇన్నేళ్ళుగా ఆమె మీద నూరుకున్న నాలుక తుప్పు పట్టకూడదని ఈ పుస్తకం మొదలుపెట్టాను. నా చదువు పదో తరగతి గడప మీద కాలు పెట్టి, లోపలికి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తూ అక్కడే ఆగిపోయింది. కాబట్టి తప్పులుంటే చదివేవాడు సర్దుకోవాలి. వాడూ నేనే.

ఫిబ్రవరి 4, మంగళవారం

రేపెప్పుడైనా నాకు మతిమరుపు వస్తే పనికొస్తుందని మా ఆఫీసు సంగతి రాసిపెడుతున్నాను.

మాది రోగులకు సామాను అరువిచ్చే చోటు. చక్రాల కుర్చీలు, చేతికర్రలు, గాలి పరుపులు, మీట నొక్కితే తలవైపు లేచే మోటారు మంచాలు. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళేవాళ్ళు పట్టుకెళ్తారు, కోలుకున్నాక తెచ్చిస్తారు. రెండు కౌంటర్లు, వెనక గోడౌను. మొదటి కౌంటరులో ఆవలింత కూర్చుంటాడు. అతని అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు. రెండోది నాది.

పోయిన ఏడాది ఒకే చక్రాల కుర్చీని ఆవలింతా నేనూ ఒకేసారి ఇద్దరికి రాసిచ్చాం. రెండు కుటుంబాలూ గోడౌను దగ్గర కలుసుకుని చెరో చక్రం పట్టుకున్నాయి. అప్పుడు వచ్చింది తాళాలమ్మ. ప్రోగ్రాములు రాసే పిల్ల, మా అన్నయ్య కూతురి ఈడు. నన్ను బాబాయ్ అంటుంది.

"బాబాయ్, మీరు ఒక వస్తువు పేజీ తెరవగానే ప్రోగ్రాము డేటాబేస్‌ని అడుగుతుంది, ఈ పేరు మీద తాళం నాకిస్తావా అని. ఎవరి దగ్గరా లేకపోతే ఇస్తుంది. ఆ తర్వాత ఇంకెవరు అడిగినా ‘మరొకరు చూస్తున్నారు, ఆగండి’ అని వస్తుంది. మీరు పేజీ మూసెయ్యగానే తాళం ఊడిపోతుంది."

"అంటే మంచానికి తాళం పడుతుందా?"

"మంచానికి కాదు, పేరుకి. అడిగినవాళ్ళే ఆగుతారు. అడక్కుండా దూరితే డేటాబేస్ ఆపదు. అందరూ ముందు అడగాలని మనలో మనం పెట్టుకున్న ఒప్పందం, అంతే. గోడౌనులో పాత స్క్రీన్ ఉంది చూడండి, దానికింకా అడగడం నేర్పలేదు. మెల్లగా నేర్పుతా."

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! బస్సు సీటు మీద కర్చీఫ్ అని చెప్పొచ్చుగా."

"కర్చీఫే అనుకోండి. కానీ దిగేటప్పుడు తీసుకెళ్ళండి. మరిచిపోతే సీటు ఖాళీగా ఉండి జనం నిలబడతారు."

మరుపు కూడా ఆ పిల్ల ముందే ఊహించింది. కాసేపు ఏ మీటా నొక్కకపోతే ప్రోగ్రాము దానంతటదే మూసుకుంటుందట.

ఫిబ్రవరి 5, బుధవారం

ఇవాళ కర్చీఫ్‌ని నోటీసు సార్ మీద ప్రయోగించాను. ఆయన మా మేనేజరు. తలుపుకి, కిటికీకి, మంచినీళ్ళ కుండకి, ఎక్కడ జాగా ఉంటే అక్కడ నోటీసు అతికిస్తారు. నేను అటూ ఇటూ తిరక్కపోతే నాకూ ఒకటి అతికించేవారు. ఆయన నెలవారీ లెక్కల పేజీని నేను ముందే తెరిచి పట్టుకున్నాను. పాపం పొద్దుటినుంచీ తెరుస్తూనే ఉన్నారు, ‘మరొకరు చూస్తున్నారు’ అని వస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి గోడ మీద నోటీసు: "మరొకరు అనువారు ఎవరైననూ వెంటనే నా గదికి రావలెను."

ఆవలింత ఆవలించడం మరిచిపోయి నవ్వాడు. మా ఆవిడకు చెబితే కుట్లు తెగేలా నవ్వుతుంది. అందుకే చెప్పకూడదు.

ఫిబ్రవరి 6, గురువారం

ఆసుపత్రికి వెళ్ళాను. తను బట్టలు కుట్టే షాపు మెట్ల మీద జారి వెన్నుపూస విరగ్గొట్టుకున్న మనిషి, మంచం మీద నుంచే నా చొక్కా మీద దృష్టి పెట్టింది.

"ఆ గుండీ ఎవరు కుట్టారు?"

"నేనే."

"తెలుస్తోంది. తిన్నారా?"

"పక్కింటివాళ్ళు పెట్టారు."

"పెట్టారా, అడిగారా?"

"అడగలేదు. వాళ్ళ గుమ్మం ముందు కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను."

నవ్వబోయి, పళ్ళు బిగబట్టి ఆగిపోయింది. ఆ బిగబట్టడం చూడలేకపోయాను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా నన్ను తిట్టగల మనిషి. నొప్పి అనే మాట మాత్రం ఆమె నోట ఇంతవరకూ వినలేదు.

డాక్టరుగారు బయటకు పిలిచి చెప్పారు. ఇంటికి పంపాక మోటారు మంచం ఉండాలట. తనంతట తాను లేవడానికి ప్రయత్నిస్తే వేసిన స్క్రూలు కదలొచ్చట. ఎప్పుడు పంపుతారంటే, చూద్దాం అన్నారు. చూద్దాం అనే మాటకు ఆసుపత్రిలో అర్థం ఉండదు.

మా గోడౌనులో మోటారు మంచం ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్నాయి. నోటీసు సార్ రూలు గోడ మీదే ఉంది: డిశ్చార్జి కాగితం చేతిలో ఉన్నవారికే సామాను, సిబ్బంది కుటుంబాలకు అందరి తర్వాత.

మంచి రూలే. నిరుడు దాన్ని అతికించడానికి జిగురు తెచ్చిచ్చింది నేనే.

ఫిబ్రవరి 7, శుక్రవారం

స్టేప్లరు ఇంత బరువుంటుందని ఇవాళే గమనించాను.

ఫిబ్రవరి 8, శనివారం

నేను చేసిందేమీ లేదు. నా కౌంటరు పక్కన మూల ఉన్న పాత కంప్యూటరులో ఆ మంచం పేజీ తెరిచాను. చూస్తున్నాను. చూడటం నేరమా? బాణం మీట మీద స్టేప్లరు పెట్టాను. స్టేప్లరు ఎక్కడో అక్కడ ఉండాలిగా. ప్రోగ్రాముకు మాత్రం ఎవరో అలుపు లేకుండా మీట నొక్కుతున్నట్టు ఉంటుంది. పైన గుడ్డ కప్పాను, దుమ్ము పడకుండా.

మంచం ఎవరికీ రాయలేదు. నాకూ రాసుకోలేదు. చూస్తున్నాను, అంతే.

పక్కింటి పిన్నిగారు ఇవాళ కూడా గిన్నె పంపారు. ఆవిడ చల్లగా ఉండాలి. చేయి కాస్త ఉప్పు వైపు మొగ్గుతుంది, అయినా చల్లగా ఉండాలి.

ఫిబ్రవరి 10, సోమవారం

ఒక పెద్దమ్మ వచ్చింది. చిన్నగా, ఎండిన చిక్కుడుకాయలా ఉంది. భర్తకు పక్షవాతం, నిన్ననే ఇంటికి పంపేశారట. డిశ్చార్జి కాగితం మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది.

ఆవలింత మంచం పేజీ తెరిచాడు. ‘మరొకరు చూస్తున్నారు, ఆగండి.’

ఆగింది. నా కౌంటరుకి ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని ఆగింది. నేను ఎన్నడూ లేనంత శ్రద్ధగా చేతికర్రల జాబితా సరిచూశాను. సాయంత్రం దాకా ఆగి, "రేపొస్తాలే బాబూ" అని వెళ్ళిపోయింది.

రేపు మా ఆవిడను పంపేస్తారేమో. పంపేస్తే కాగితం నా చేతికీ వస్తుంది. అప్పుడు ఇద్దరం సమానం.

సమానం కాదు. సిబ్బంది అందరి తర్వాత. సరే, అది తర్వాత చూద్దాం.

ఫిబ్రవరి 11, మంగళవారం

పంపలేదు. చూద్దాం అన్నారు.

పెద్దమ్మ వచ్చింది, ఆగింది, వెళ్ళింది.

నోటీసు సార్ తాళాలమ్మను అందరి ముందూ నిలబెట్టి కడిగారు. "ఏమ్మా, నాలుగు రోజుల నుంచి ఆ మంచాన్ని ఎవరో చూస్తూనే ఉన్నారట. అదేమైనా పెళ్ళికూతురా, అంతసేపు చూడ్డానికి? నీ ప్రోగ్రాములోనే ఏదో తేడా ఉంది. శనివారంలోగా తేల్చకపోతే నీ కాంట్రాక్టు సంగతి నేను తేల్చాల్సి వస్తుంది."

"తాళం పట్టుకున్న సెషన్ ఇంకా బతికే ఉంది సార్, ఆ తెరిచిన పేజీ మూసుకోలేదు. పని చేస్తూనే ఉంది. వెతుకుతున్నాను" అంది.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా ఫ్యాను వైపు చూశాను.

ఆయన అంతటితో ఊరుకోలేదు. వ్యాను తమ్ముణ్ణి పిలిచారు. గోడౌనులో సామాను ఎక్కించేది, దించేది, రిపేరు చేసేది అతనే. "నీ పాత స్క్రీన్‌కి ఈ తాళాల గోల లేదుగా. అక్కణ్ణుంచి రాసిచ్చెయ్ ఆ మంచం."

"స్క్రీన్ పనిచెయ్యట్లేదు సార్" అన్నాడు తమ్ముడు.

నా అదృష్టం బాగుంది.

ఫిబ్రవరి 12, బుధవారం

ఆసుపత్రిలో మా ఆవిడను నర్సమ్మ నడుముకింద చెయ్యి వేసి లేపుతుంటే చూశాను. ఆ నర్సమ్మకు ఏ దేవుడైనా ఏదైనా ఇవ్వాలనుకుంటే మంచి చెప్పులు ఇవ్వాలి, రోజంతా నిలబడే ఉంటుంది.

ఆ లేపడం ఇంట్లో నేను చెయ్యాలి. నా చేతులు చూసుకున్నాను. దారం సూదిలో ఎక్కించలేని చేతులు.

స్టేప్లరు అక్కడే ఉంది.

ఫిబ్రవరి 13, గురువారం

ఇవాళ పెద్దమ్మ ఆవలింత దగ్గరకు వెళ్ళలేదు. నేరుగా నా దగ్గరకు వచ్చింది.

"బాబూ, ఆ చూసేవాళ్ళు ఎవరో నీకేమన్నా తెలుసా?"

"నాకేం తెలుసు పెద్దమ్మా, పెట్టెలో రాసి వస్తుంది."

"రోజూ చూస్తున్నారంటే పాపం ఎంత కష్టంలో ఉన్నారో. మాకంటే పెద్ద కష్టమే అయ్యుంటుంది. లేకపోతే ఎవరు చూస్తారు అంతసేపు?"

చేతికర్రల జాబితా మళ్ళీ ముందుకు లాక్కున్నాను.

"మీ ఇంట్లో ఎలా ఉన్నారు?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మనిషి నాకు రెండింతలు నాయనా. మంచమెక్కిస్తే దించలేను, దించితే ఎక్కించలేను. కింద పరుపు మీదే పడుకోబెట్టా. అన్నం తినిపించాలంటే వీపు వెనక్కి వెళ్ళి కూర్చుని, నా వీపుకి ఆయన వీపు ఆనించి లేపుతా. అప్పుడిక ముద్ద నోట్లో పెట్టడానికి నా చెయ్యి అందదు." నవ్వింది. "కాపురం చేసినన్నాళ్ళూ మొహం చూడకుండా పోట్లాడుకున్నదే లేదు. ఇప్పుడు అదీ అయింది."

"మనుషులెవరూ లేరా సాయానికి?"

"ఉన్నారు. వాళ్ళకీ వీపులున్నాయిగా. వస్తారు, లేపుతారు, పోతారు. మనిషికి దాహం వాళ్ళొచ్చినప్పుడే వేస్తుందా?"

వెళ్ళేటప్పుడు అంది: "వాళ్ళు చూడ్డం అయ్యాకే నాకు చెప్పు బాబూ. తొందరేం పెట్టకు."

ఫిబ్రవరి 14, శుక్రవారం

పొద్దున్నే ఫోన్ మోగింది. మా ఆవిడ. నర్సమ్మ ఫోనులోంచి చేసింది. నేను ఉండబట్టలేక అంతా చెప్పేశాను, స్టేప్లరు దగ్గర్నుంచి వీపుల దాకా. తిడుతుందనుకున్నాను.

"ఇచ్చెయ్యండి. నాకు మామూలు మంచం చాలు" అంది. అంతే. నోట్లో సూదులున్నప్పుడు మాట్లాడినట్టు, పొట్టిగా.

"లేవడానికి ఇబ్బంది పడతావే" అన్నాను.

"మీరున్నారుగా" అంది.

ఆఫీసుకు వెళ్ళి, గుడ్డ తీసి, స్టేప్లరు ఎత్తి, పేజీ మూసేశాను. ఆ పేజీ మూసుకోవడానికి కన్ను మూసి తెరిచినంత సేపు కూడా పట్టలేదు. ఇన్నాళ్ళూ ఇంత చిన్న పని మీద ఇంత బరువు పెట్టానా!

"ఏయ్ ఆవలింతా, ఆ మంచం ఒకసారి చూడు" అన్నాను.

"వచ్చింది! తెరుచుకుంది!" అని అరిచాడు. ఆఫీసులో అతను అరవడం ఇదే మొదలు. పెద్దమ్మకు కబురు పంపాం. మధ్యాహ్నం వ్యానులో మంచం వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 15, శనివారం

తాళాలమ్మ కాగితం ఇచ్చిందట నోటీసు సార్‌కి: ఒక సెషన్ మూసుకోలేదు, ఇప్పుడు మూసుకుంది, ఇకమీదట మీట ఆగకుండా నొక్కుతూనే ఉన్నా కొంతసేపటికి తాళం ఊడేలా మార్చాను. ఆయన సంతోషించి దాన్ని కూడా గోడకు అతికించారు. కాంట్రాక్టు నిలిచింది.

టీ తాగుతుంటే ఆ పిల్ల వచ్చి పక్కన నిలబడింది.

"బాబాయ్, తాళం ఏ కంప్యూటరు నుంచి పట్టుకున్నారో నాకు కనిపిస్తుంది తెలుసా?"

టీ గ్లాసు కింద పెట్టాను. "ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి. ఇక్కడ కూర్చుని ఒక్క ఆదేశం కొడితే మీ సెషన్ ఊడిపోతుంది."

"మరి కొట్టలేదేం?"

"మంచం ఎవరికోసమో వ్యాను అన్న చెప్పాడు. రోజూ పొద్దున కొడదామనే కూర్చునేదాన్ని."

"నీ ఉద్యోగం పోయేదే పిచ్చి మొహమా!"

"పోయేదే. శనివారం దాకా చూద్దామనుకున్నా. ఆ పెద్దావిణ్ణి చూసినప్పుడల్లా మాత్రం మిమ్మల్ని బాగా తిట్టుకున్నా."

"గట్టిగానేనా?"

"చాలా గట్టిగా."

గోడౌనుకు వెళ్ళి వ్యాను తమ్ముణ్ణి పట్టుకున్నాను. "నీ స్క్రీన్ పనిచెయ్యట్లేదన్నావుగా, రిపేరుకు ఇచ్చావా?"

"దానికేం రోగం అన్నా, శుభ్రంగా ఉంది" అన్నాడు నట్టు బిగిస్తూ. "కర్చీఫ్ వేసింది మనోడని తెలిశాక, సీట్లో ఎలా కూర్చుంటాం చెప్పు?"

అడక్కుండా దూరే దారి అతనికుంది, ఊడదీసే ఆదేశం ఆ పిల్లకుంది. ఇద్దరూ ఒక స్టేప్లరుకు మర్యాద ఇచ్చి నిలబడ్డారు. నాలాంటివాడికి ఇంత మర్యాద అని సంతోషంగా ఉంది. వాళ్ళ మర్యాద బరువు మోసింది మాత్రం ఆ పెద్దమ్మ వీపు. అది కూడా రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

రేపు పంపుతారట! ఇల్లు ఊడ్చాను. ఊడ్చినట్టు కనిపించడం లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

వచ్చేసింది. వ్యాను తమ్ముడు సెలవు పెట్టి మరీ వచ్చి, మా మామూలు మంచానికి తలవైపు కాళ్ళ కింద చెక్కదిమ్మలు పెట్టి ఎత్తు చేశాడు. కాళ్ళ వైపు పట్టీ ఒకటి కట్టి, పట్టుకోవడానికి కర్ర బిగించాడు. "ఆ కర్ర పట్టుకుని ఒక్కరే లేవకూడదు వదినా. అన్న వీపు పట్టుకున్నాకే" అని పదిసార్లు చెప్పాడు. నర్సమ్మ మనిషిని ఎలా లేపాలో నాతో దిండు మీద సాధన చేయించి పంపింది. దిండు బాగానే లేచింది.

మా ఆవిడ ఆ చెక్కల వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"ఊళ్ళోవాళ్ళందరికీ మోటారు మంచాలిచ్చే ఆఫీసులో పని. పెళ్ళానికి చెక్కదిమ్మలు."

"సిబ్బంది అందరి తర్వాతేనే."

"మంచం ఒక్కటీ మిగల్లేదా?"

"ఒకటుండేది. వెళ్ళిపోయింది."

"ఎవరికి?"

"ఒక పెద్దమ్మకి. భర్తకి పక్షవాతం."

"లేపండి, నీళ్ళు తాగాలి" అంది. నడుము కింద చెయ్యి వేశాను. దిండు లాంటిది కాదు. బరువుగా, వెచ్చగా, నా మెడను పట్టుకుని, నొప్పికి నా చెవి దగ్గర ఊపిరి బిగబట్టింది. లేచింది. స్క్రూలు కదల్లేదు. నా చేతులకు దండం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

రోజుకెన్నిసార్లు లేపుతున్నానో లెక్క లేదు. లేపినప్పుడల్లా ఒక తిట్టు కొత్తది పుడుతోంది. నిన్న అంది, "మీటుంటే మిమ్మల్ని పిలవాల్సిన ఖర్మ నాకుండేది కాదు." నిజమే. మీటుంటే పిలిచేది కాదు. నేను పక్కగదిలో కూర్చుని ఈ పుస్తకంతో కబుర్లు చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. ఇన్నేళ్ళ కాపురంలో రోజుకిన్నిసార్లు ఆమె నా మెడ చుట్టూ చేతులు వేసింది లేదు. పెళ్ళైన కొత్తల్లో కూడా లేదు, అప్పుడు మా అమ్మ ఇంట్లోనే ఉండేది.

పెద్దమ్మ కబురు పంపింది. ఆయన కూర్చుని తింటున్నారట, ఎదురుగా కూర్చుని పోట్లాడుకుంటున్నారట. తాళాలమ్మ వచ్చి మా ఆవిడకు పళ్ళు ఇచ్చి, నా గురించి చాడీలు చెప్పి వెళ్ళింది. నోటీసు గురించి చెప్పినప్పుడు మా ఆవిడ కుట్లు పట్టుకుని నవ్వింది. అందరూ చల్లగా ఉండాలి. ఆవలింత కూడా.

ఫిబ్రవరి 27, గురువారం

ఇక ఈ పుస్తకం అక్కర్లేదు. ఇంట్లో ఎదురు మాట వచ్చేసింది.

మూసేముందు ఒకటి. పద్నాలుగో తారీఖున రాసిన ఫోన్ రాలేదు. ఆ పొద్దున ఏ ఫోనూ మోగలేదు. "ఇచ్చెయ్యండి" అని మా ఆవిడ అనలేదు, "మీరున్నారుగా" అని అసలే అనలేదు. మంచం సంగతి ఆమెకు నేను చెప్పనేలేదు. నొప్పిని పళ్ళ మధ్య పట్టుకుని పడుకున్న మనిషిని అడిగి, ఆ మాట ఆమె చేత అనిపించే ధైర్యం నాకు లేకపోయింది. ఒక్కణ్ణే ఇచ్చేసే ధైర్యమూ లేకపోయింది. అందుకని ఇక్కడ, ఈ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆమె గొంతుతో నాకు నేనే చెప్పుకుని, ఆఫీసుకు వెళ్ళాను.